మందు లేని సూది

బల్ల అంచుకు మోచెయ్యి ఠపీమని కొట్టుకుంది. అప్పుడు మీరు మొట్టమొదట చేసే పని ఏమిటి? "అబ్బా!" అంటూ రెండో చేత్తో ఆ చోటును గట్టిగా రుద్దుకుంటారు. ఎవరూ నేర్పకుండానే చిన్నపిల్లలు కూడా ఈ పని చేస్తారు. రుద్దితే నొప్పి కాస్త తగ్గుతుంది కూడా. ఎందుకు తగ్గుతుంది? రుద్దినంత మాత్రాన తగిలిన దెబ్బ మానిపోదు కదా!

ఈ ప్రశ్నను గుర్తు పెట్టుకోండి. దీనితో మనకు మళ్లీ పని పడుతుంది. ముందు ఒకసారి చైనా వెళ్లి వద్దాం.

అది 1971 జూలై నెల. అప్పటికి అమెరికాకూ చైనాకూ దౌత్య సంబంధాలు లేవు. న్యూయార్క్ టైమ్స్ పత్రికలో పేరుమోసిన విలేఖరి జేమ్స్ రెస్టన్ చైనా పర్యటనకు వెళ్లాడు. పీకింగులో, అంటే ఇప్పుడు మనం బీజింగ్ అంటున్న నగరంలో, అతనికి ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది. పరీక్షించిన డాక్టర్లు అపెండిసైటిస్ అని తేల్చారు. అక్కడి సామ్రాజ్యవాద వ్యతిరేక ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి అపెండిక్స్‌ను తీసివేశారు. ఆపరేషన్ మామూలుగానే జరిగింది. అన్ని దేశాల్లో చేసినట్లే మత్తుమందు ఇంజెక్షన్ ఇచ్చి, ఆ భాగం మొద్దుబారాకనే కోశారు.

అసలు కథ ఆ తరువాతే మొదలైంది. ఆపరేషన్ జరిగిన రెండో రాత్రి రెస్టన్‌కు పొట్ట ఉబ్బరించి బాధ ఎక్కువైంది. ఆసుపత్రిలోని ఆక్యుపంక్చర్ వైద్యుడు వచ్చి, కుడి మోచేతిలోనూ మోకాళ్ల దిగువనా కలిపి మూడు సన్నని పొడవైన సూదులు గుచ్చి, వాటిని మెలితిప్పసాగాడు. అంతటితో ఆగక, ఏదో ఎండుటాకుతో చేసిన చుట్టలాంటి దాన్ని వెలిగించి, పొగలు కక్కుతున్న ఆ చుట్టను పొట్టకు దగ్గరగా పట్టుకున్నాడు. వాత పెట్టడం కాదు, సెగ చూపించడం అన్నమాట. ఇదంతా ఇరవై నిమిషాల పని. గంటలోగా తన ఉబ్బరం గణనీయంగా తగ్గిందనీ, మళ్లీ రాలేదనీ రెస్టన్ తన పత్రికలో రాశాడు.

ఆ వార్త అమెరికాలో పెద్ద సంచలనమే కలిగించింది. నోటినుంచి నోటికి పాకి, చివరకు "మత్తుమందు లేకుండా సూదులు గుచ్చి అపెండిక్స్ తీసేశారట!" అనే దాకా పోయింది. ఈ మాటను నేటికీ కొందరు పుస్తకాల్లో రాస్తూనే వున్నారు. రెస్టన్ మాత్రం అలా రాయలేదు. పొట్టకు సెగ చూపించిన ఆ పొగ మొక్క సంగతి కూడా మరిచిపోకండి. చివర్లో మనం దాని దగ్గరకే వస్తాం.

మన భాషలో ఒక చక్కని మాట వుంది, కాకతాళీయం. తాటిచెట్టు మీద కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలడం వల్లనే పండు రాలిందా? లేక రాలడానికి సిద్ధంగా వున్న పండు ఆ క్షణానికే రాలిందా? ఒక్కసారి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. రెస్టన్ విషయంలోనూ ఇదే చిక్కు. ఆపరేషన్ తరువాత పొట్ట ఉబ్బడం సాధారణమే, ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గడమూ సాధారణమే. మరి అతని బాధను తగ్గించింది సూదులా, సెగా, గడిచిన కాలమా? లేక ఒక వైద్యుడు పక్కన కూర్చుని శ్రద్ధగా చూస్తున్నాడనే ధైర్యమా?

జలుబుకు మందు వేసుకుంటే వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజులు పడుతుంది అని మన పెద్దవాళ్లు హాస్యమాడుతుంటారు. చూడటానికి హాస్యమే అయినా వైద్యశాస్త్రంలో సగం కష్టం ఇందులోనే వుంది.

నదులు, రోజులు, నాడులు

ఇంతకూ ఈ సూది ఎలాంటిది? మన ఊళ్లలో సూది వేయించుకోవడం అంటే ఇంజెక్షన్ చేయించుకోవడమే. ఆక్యుపంక్చర్ సూదిలో మందు వుండదు, మందు పోవడానికి రంధ్రమూ వుండదు. అది మిల్లీమీటరులో నాలుగో వంతు మందం మాత్రమే వున్న ఉక్కు తీగ. చర్మంలోకి దిగినప్పుడు చీమ కుట్టినట్లు వుంటుంది, కొన్నిసార్లు అదీ తెలియదు.

ఈ వైద్యాన్ని వివరించే చైనా ప్రాచీన గ్రంథం పేరు 'హువాంగ్ డి నైజింగ్'. అంటే పీతవర్ణ చక్రవర్తి వైద్య గ్రంథం అని చెప్పుకోవచ్చు. దాని వయసు సుమారు రెండు వేల ఏళ్లు. శరీరంలో 'చి' అనే జీవశక్తి 12 ప్రధాన మార్గాల్లో ప్రవహిస్తుందనీ, ఆ ప్రవాహానికి అడ్డు తగిలితే నొప్పీ రోగమూ పుడతాయనీ, సరైన చోట సూది గుచ్చితే అడ్డు తొలగుతుందనీ దాని సిద్ధాంతం. ఈ మార్గాలను ఆ గ్రంథమే చైనాలోని 12 నదులతో పోల్చింది. శరీరం మీది స్థానాలు 365 అని చెప్పింది. సంవత్సరానికి ఎన్ని రోజులో అన్ని! ఇప్పుడు ప్రామాణికంగా లెక్కించేవి 361.

ఈ లెక్కలు ఎక్కడినుంచి వచ్చాయో మీరే ఊహించగలరు. ఆ రోజుల్లో ప్రకృతిలో కనిపించిన క్రమాన్నే మనిషి శరీరంలోనూ వెదికారు. అందుకు వారిని ఎగతాళి చేయనక్కరలేదు, అన్ని దేశాల్లోనూ అదే జరిగింది. కాని శరీరాన్ని కోసి చూసిన శాస్త్రజ్ఞులకు రక్తనాళాలు కనిపించాయి, నరాలు కనిపించాయి, 'చి' ప్రవహించే మార్గాలు మాత్రం సూక్ష్మదర్శినిలో కూడా కనిపించలేదు.

చైనాలో కూడా ఈ వైద్యానికి ఎప్పుడూ ఒకే మర్యాద దక్కలేదు. 1822లో డావోగ్వాంగ్ చక్రవర్తి రాజవైద్య సంస్థలో సూదుల విభాగాన్నే మూయించాడు. 1949లో కొత్త ప్రభుత్వం వచ్చేనాటికి అంత పెద్ద దేశంలో ఆధునిక వైద్యులు బహు కొద్దిమంది. చేతిలో వున్న పాత వైద్యాన్ని కూడా వాడుకోక తప్పని పరిస్థితి. అందుకే 1950ల నుంచి ప్రభుత్వమే దాన్ని ప్రోత్సహించింది. మన దేశం నుంచి 1938లో చైనాకు వెళ్లిన వైద్య బృందంలో డాక్టర్ కోట్నీస్ పేరు మీరు వినే వుంటారు. ఆయనతో పాటు వెళ్లిన డాక్టర్ బిజయ్ కుమార్ బసు తరువాతి కాలంలో ఈ విద్య నేర్చుకుని వచ్చి కలకత్తాలో ప్రవేశపెట్టాడు.

సిద్ధాంతం తప్పయితే వైద్యమూ తప్పేనా? అలా తొందరపడకూడదు. సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతున్నాడని నమ్మినవారు కూడా గ్రహణాలను సరిగ్గానే లెక్కగట్టారు. కాబట్టి 'చి'ని పక్కనబెట్టి, "సూది గుచ్చితే నొప్పి తగ్గుతుందా, తగ్గితే ఎలా తగ్గుతుంది?" అని విడిగా అడగాలి.

తలుపు వేసిన వెన్నుపాము

ఇప్పుడు మీ మోచెయ్యి దగ్గరకు వద్దాం. నొప్పి వార్తను మోసుకుపోయే నరాల తంతువుల్లో సన్నవి చాలా నిదానం, సెకనుకు ఒక మీటరు నడిస్తే గొప్ప. స్పర్శను మోసే లావు తంతువులు సెకనుకు సుమారు 50 మీటర్లు పరుగెత్తుతాయి. రెండూ వెన్నుపాములోకే చేరాలి. అక్కడినుంచి మెదడుకు పోయే దారిలో ఒక తలుపు వంటిది వుందనీ, స్పర్శ వార్తలు ఎక్కువగా వస్తే ఆ తలుపు కొంత మూసుకుని నొప్పి వార్తను అడ్డగిస్తుందనీ 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. నిజమైన తలుపు కాదనుకోండి, నాడీకణాలు ఒకదానినొకటి అణిచిపెట్టే ఏర్పాటు. వారు చెప్పిన వివరాలన్నీ నిలవలేదు గాని ముఖ్యమైన ఊహ నిలిచింది. మీరు రుద్దుకున్నది అందుకే!

మరో పదేళ్లకు ఇంకో విశేషం బయటపడింది. నల్లమందులోని మార్ఫిన్ నొప్పిని తగ్గిస్తుందని అందరికీ తెలుసు. స్కాట్లండులోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ అనేవారు మార్ఫిన్ లాగా పనిచేసే పదార్థాలు మెదడులోనే తయారవుతున్నాయని 1975లో చూపించారు. వాటికి ఎన్‌కెఫాలిన్‌లు అని పేరు పెట్టారు. ఆ తరువాత ఇదే కుటుంబంలో ఎండార్ఫిన్‌లు కూడా దొరికాయి. అంటే మన తలలో ఒక చిన్న మందుల కొట్టు వుందన్నమాట.

ఈ కొట్టును మూయించడానికి నాలోక్సోన్ అనే మందు వుంది. అది మార్ఫిన్ పనిని అడ్డుకుంటుంది. 1977లో కొందరు పరిశోధకులు సూదులు గుచ్చి నొప్పి తగ్గినవారికి నాలోక్సోన్ ఇచ్చి చూశారు. తగ్గిన నొప్పి తిరిగి వచ్చింది! సూది మెదడులోని మందును విడుదల చేయిస్తున్నదని ఆక్యుపంక్చర్ వైద్యులు ఎంతో సంతోషించారు.

ఆ సంతోషం ఒక్క ఏడాదే. 1978లో మరో పరిశోధక బృందం జ్ఞానదంతం పీకించుకున్నవారితో ప్రయోగం చేసింది. వారికి ఇచ్చింది ఉత్తుత్తి మందు. నొప్పి తగ్గించే పదార్థం అందులో ఏదీ లేదు. అయినా కొందరికి నొప్పి తగ్గింది. వారికి నాలోక్సోన్ ఇస్తే ఆ నొప్పి కూడా తిరిగి వచ్చింది. అంటే మెదడులోని కొట్టును సూదే తెరవనక్కరలేదు, "నాకు మందు పడింది, ఇక తగ్గుతుంది" అనే నమ్మకం కూడా తెరవగలదు.

చూశారా చిక్కు! నొప్పి తగ్గడం అబద్ధం కాదు, అది మెదడులో జరిగే నిజమైన రసాయన చర్య. కాని తగ్గించింది సూదా, నమ్మకమా?

ఉత్తుత్తి సూది

మాత్రల విషయంలో ఈ చిక్కు విప్పడం సులువు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే వున్న ఉత్త మాత్ర ఇస్తారు. ఏది ఎవరికి ఇచ్చారో పరీక్ష ముగిసేదాకా వారికి చెప్పరు. సూదికి ఉత్తుత్తి సూదిని ఎక్కడినుంచి తేవాలి? గుచ్చారో లేదో మనిషికి తెలిసిపోదూ?

దీనికి రెండు ఉపాయాలు కనిపెట్టారు. పటంలో లేని చోట, పైపైన మాత్రమే గుచ్చడం ఒకటి. రెండోది మరీ తమాషా అయినది. నాటకాల్లో పొడిచినప్పుడు పిడిలోకి దూరిపోయే కత్తిని చూశారా? 1998లో జర్మనీలోని కొందరు వైద్యులు అలాంటి సూదినే ప్రవేశపెట్టారు. మొండి మొన చర్మానికి తగిలి చురుక్కుమంటుంది, సూది పొట్టిదవుతుంది, చూసేవారికి లోపలికి దిగినట్లే వుంటుంది.

ఫలితం ఏమైంది? జర్మనీలోనే ఏళ్ల తరబడి నడుంనొప్పితో బాధపడుతున్న 1162 మందిని మూడు జట్లుగా చేసి పరీక్షించారు. ఆ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. మొదటి జట్టుకు పద్ధతి ప్రకారం సూదులు, రెండో జట్టుకు పటంలో లేని చోట పైపైన సూదులు, మూడో జట్టుకు మాత్రలూ వ్యాయామమూ వంటి మామూలు చికిత్స. ఆరు నెలల తరువాత చూస్తే మొదటి జట్టులో నూటికి 47.6 మందికి, రెండో జట్టులో 44.2 మందికి, మూడో జట్టులో 27.4 మందికి గుణం కనిపించింది.

ఈ మూడు అంకెలను నిదానంగా చూడండి. సూదుల అభిమానులు మొదటి అంకెనూ మూడో అంకెనూ పక్కపక్కన పెట్టి "చూశారా, ఎంత తేడా!" అంటారు. విమర్శకులు మొదటిదీ రెండోదీ పెట్టి "తేడా ఏదీ?" అంటారు. ఇద్దరూ చెప్పే అంకెలు నిజమే. తరువాత 2018లో ఇలాంటి 39 పరీక్షల్లోని ఇరవై వేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి లెక్కగట్టారు. అసలు సూది ఉత్తుత్తి సూది కన్నా కొంచెం మెరుగు అని తేలింది, అదీ కొంచెమే. సూదులు వేయించుకోనివారితో పోలిస్తే మాత్రం రెండు సూదుల వారూ చాలా నయం.

నాకు తోచింది చెప్పనా? ఎక్కడ గుచ్చాలో చెప్పే ఆ పురాతన పటానికి ఈ పరీక్షలో పెద్దగా మార్కులు పడలేదు. సూది పోటు, అరగంట విశ్రాంతి, ఎదురుగా కూర్చుని ఓపికగా వినే వైద్యుడు, తగ్గుతుందనే ఆశ కలిసి చేసిన పనికి మాత్రం చాలా మార్కులే పడ్డాయి. అయితే ఇదంతా నడుంనొప్పి, మోకాళ్లనొప్పి, తలనొప్పి వంటి బాధల సంగతి. ఆపరేషన్ తరువాత వచ్చే వికారానికి మణికట్టు లోపలి వైపున వుండే ఒక స్థానాన్ని నొక్కినా గుచ్చినా కొంత ఉపశమనం వుంటుందని కూడా పరీక్షల్లో కనిపించింది. క్షయకూ చక్కెర వ్యాధికీ మలేరియాకూ సూది మందు కాదు. మలేరియా పరాన్నజీవికి నమ్మకాలుండవు, ఉత్తుత్తి సూదికీ అసలు సూదికీ అది లొంగదు. 1970లలో చైనాలో సూదులతోనే పెద్ద ఆపరేషన్లు చేస్తున్నట్లు చూపించేవారు. అలాంటి చోట్ల రోగులను ముందే ఏరి ఎంచుకునేవారనీ, పక్కన నొప్పి తగ్గించే మందులు కూడా ఇచ్చేవారనీ తరువాత తెలిసింది.

ఇంకో మాట. ఒకరికి గుచ్చిన సూది మరొకరికి గుచ్చితే కామెర్లు తెచ్చే హెపటైటిస్ వైరస్ అంటుకోవచ్చు. ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడిన సందర్భాలూ వున్నాయి. ఇంట్లో గుండుసూదితో ప్రయోగాలు చేయకండి.

ఒకే పేరు, రెండు వేర్లు

సూదికి తోడుగా చైనా వైద్యంలో వందలాది మూలికలున్నాయి. సూదికి భిన్నంగా ఇవి నేరుగా రక్తంలో కలుస్తాయి. అందువల్ల మేలు చేసినా కీడు చేసినా గట్టిగానే చేస్తాయి.

దగ్గుకూ ఆయాసానికీ చైనావారు తరతరాలుగా కాచి తాగిన 'మా హువాంగ్' అనే మొక్కను తీసుకోండి. 1885లో జపాన్ శాస్త్రజ్ఞుడు నాగాయి దాని నుంచి ఎఫిడ్రిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. అది ఉబ్బసానికి ఎలా పనికి వస్తుందో 1920లలో చెన్, ష్మిట్ అనేవారు పీకింగ్ యూనియన్ వైద్య కళాశాలలో పరిశోధించి ప్రపంచానికి చెప్పారు. రెస్టన్ చికిత్స పొందిన ఆసుపత్రి ఆ కళాశాలకు చెందినదే! అదే మొక్కను అమెరికాలో లావు తగ్గించే పొడులుగా అమ్మితే గుండె దడ, పోటు వచ్చి కొందరు చనిపోయారు. 2004లో అక్కడి ప్రభుత్వం ఆ పొడులను నిషేధించింది.

ఇంతకన్నా దారుణం బెల్జియంలో జరిగింది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి మందులు తిన్న స్త్రీలకు వరసగా మూత్రపిండాలు చెడిపోసాగాయి. వందకు పైగా మంది ఆ వ్యాధి పాలయ్యారు. ఎందుకో వైద్యులు ఆరా తీశారు. ఆ మందులో కలపవలసిన చైనా వేరు 'ఫాంగ్ జి'. ఆ పేరుతో చైనా మార్కెట్లో రెండు వేర్లు చలామణీ అవుతాయి. ఒకటి స్టెఫానియా మొక్కది, రెండోది అరిస్టలోకియా తీగది. మొదటిదానికి బదులు రెండోది కలిసింది. అరిస్టలోకియాలోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్‌నూ తెస్తుంది. ప్రకృతిలో పుట్టింది గదా, హాని చేయదు అనుకోవడానికి వీల్లేదు. మన ప్రాంతంలో నల్లేశ్వరి అని పిలిచే తీగ కూడా ఈ అరిస్టలోకియా జాతిదే.

చల్లటి నీటిలో పిండిన ఆకు

ఇక నాకు ఎన్నిసార్లు చదివినా తనివి తీరని కథ. 1960లలో వియత్నాం అడవుల్లో యుద్ధం జరుగుతున్నప్పుడు సైనికులను తుపాకుల కన్నా మలేరియా ఎక్కువగా పీడించింది. అప్పటి ప్రధాన ఔషధం క్లోరోక్విన్‌కు పరాన్నజీవి లొంగడం మానేసింది. ఉత్తర వియత్నాం చైనా సాయం కోరింది. 1967 మే 23న చైనా ఒక రహస్య పథకం ప్రారంభించింది. ఆ తేదీనే పేరుగా పెట్టి దాన్ని 523 అన్నారు.

అందులో మూలికల పని 1969లో తు యూయూ అనే శాస్త్రవేత్తకు అప్పగించారు. ఆమె బృందం పాత గ్రంథాలు తిరగేసి, ముసలి వైద్యులను అడిగి, రెండు వేలకు పైగా యోగాలను పోగుచేసింది. సుమారు 200 మూలికల నుంచి 380 రసాలు తీసి, మలేరియా సోకిన ఎలుకలకు ఇచ్చి చూసింది. 'చింగ్‌హావో' అనే మొక్క రసం ఒకసారి పరాన్నజీవులను నూటికి 68 వంతులు తగ్గించింది. మళ్లీ చేస్తే 12 నుంచి 40 వంతులే తగ్గాయి. ఒకసారి తగ్గించి మరోసారి తగ్గించని మందును ఏమనాలి? కాకతాళీయం అని వదిలేసి వుంటే కథ అక్కడితో ముగిసేది.

ఆమె మళ్లీ పాత పుస్తకాలే తీసింది. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ రాసిన ఒక చిన్న యోగం ఆమెకు కొత్తగా కనిపించింది. గుప్పెడు చింగ్‌హావోను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలని అందులో వుంది. కాచమని లేదు! మూలిక అనగానే కషాయం కాయడం అలవాటు. ఆ వేడికే లోపలి మందు చెడిపోతున్నదేమో? ఆమె నీటికి బదులు ఈథర్ వాడింది. ఈథర్ 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, అందువల్ల ఆకుకు వేడి తగలదు. ఆమ్ల గుణం వున్న భాగాన్ని కూడా వేరుచేసి పారేసింది. 1971 అక్టోబరు 4న పరీక్షించిన 191వ నమూనా ఎలుకల్లోని పరాన్నజీవులను నూటికి నూరుపాళ్లూ నిర్మూలించింది.

1972లో ఆమె, సహచరులూ ముందు తామే ఆ మందు మింగి చూసుకున్నారు. ప్రమాదం లేదని తేలాకనే హైనాన్ ద్వీపంలో 21 మంది రోగులకు ఇచ్చారు. జ్వరం దిగింది. అదే ఏడాది ఆ ఆకులోని అసలు పదార్థాన్ని తెల్లని స్ఫటికాలుగా వేరుచేశారు. దాని పేరు ఆర్టిమిసినిన్. ఒక్కో అణువులో 15 కార్బన్, 22 హైడ్రోజన్, 5 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. వీటిలో రెండు ఆక్సిజన్‌లు చేతులు పట్టుకుని వంతెనలా వుంటాయి. మలేరియా పరాన్నజీవి మన ఎర్రరక్తకణంలో దూరి హీమోగ్లోబిన్‌ను తింటుంది. అప్పుడు విడుదలయ్యే ఇనుము ఈ వంతెనను విరగ్గొడుతుంది. విరిగిన ముక్కలు పరాన్నజీవి మాంసకృత్తులకు అంటుకుని దాన్ని చంపుతాయి. తన తిండే తన చావుకు వస్తుందన్నమాట! 2015లో తు యూయూకు నోబెల్ బహుమతి లభించింది. ఈ పదార్థం నుంచి తయారుచేసిన మందును మరో మందుతో కలిపి ఇవ్వడమే నేడు ప్రపంచమంతటా, మన దేశంలోనూ, ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియాకు చికిత్స.

అయితే ఆ ఆకునే కాచి తాగితే సరిపోదా? సరిపోదు. ఎండుటాకు బరువులో ఆర్టిమిసినిన్ నూటికి ఒక వంతు వుంటే గొప్ప, అదీ నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి మారుతుంది. చాలీచాలని మోతాదు పడితే బలహీనమైన పరాన్నజీవులు చచ్చి, గట్టివి మిగిలి పెరుగుతాయి. కంబోడియాలో ఇప్పటికే మందుకు నిదానంగా లొంగే పరాన్నజీవులు కనిపించాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఆకు టీని చికిత్సగా సిఫారసు చేయడం లేదు.

ఇప్పుడు రెస్టన్ పొట్టకు సెగ చూపించిన పొగ మొక్క. అదీ, తు యూయూ పిండిన ఆకూ ఆర్టిమిసియా అనే ఒకే ప్రజాతికి చెందినవి. ఆ ప్రజాతి మొక్క ఒకటి మన ఇళ్లకు కూడా ఏటా వస్తుంది. వినాయక చవితి నాడు బజారు నుంచి తెచ్చే 21 రకాల పత్రిలో మాచిపత్రి వుంటుంది చూడండి, అదే. మలేరియాను తగ్గించేంత ఆర్టిమిసినిన్ అందులో దొరకదు. కాని ఈసారి పూజకు ముందు ఒక ఆకును తీసుకుని వాసన చూడండి, తరువాత తిప్పి అడుగు భాగం చూడండి. బూడిద రంగులో మెత్తటి నూగు కనిపిస్తుంది. సెగ చూపించే చుట్టలను చైనావారు దీని దగ్గరి బంధువైన మొక్క ఆకులను దంచి, ఆకు పొడి జల్లించివేయగా మిగిలిన అలాంటి నూగుతోనే చేస్తారు.